యమాటో గెలిచేదా, అయోవా గెలిచేదా?

యమాటో వాది: ముందు లెక్కలు చూద్దాం. నిండు సరంజామాతో జపాను యుద్ధనౌక యమాటో బరువు సుమారు 72,000 టన్నులు, అమెరికా యుద్ధనౌక అయోవాది సుమారు 58,000. రెండింటికీ మూడేసి ఫిరంగుల టరెట్లు మూడు. అంటే చెరి తొమ్మిది ఫిరంగులు. అయితే యమాటో గొట్టం వ్యాసం 46 సెంటీమీటర్లు, అయోవాది 40.6. యమాటో గుండు 1,460 కిలోలు, అయోవాది 1,225. తొమ్మిదీ ఒకేసారి పేలిస్తే యమాటో 13 టన్నుల ఉక్కు విసురుతుంది, అయోవా 11 టన్నులు. పక్క కవచం యమాటోకు 410 మిల్లీమీటర్లు, అయోవాకు 307. టరెట్ ముఖం మీద కవచం 650 మిల్లీమీటర్లు, అయోవాకు 500 కూడా లేదు. కొట్టడంలోనూ, కాచుకోవడంలోనూ ముందున్న ఓడ చివరికి ఓడిపోతుందని మీరంటున్నారు. ఎందుకో రుజువు చేయాల్సింది మీరే.

అయోవా వాది: చేస్తాను. మీ అంకెలన్నీ గుండు తగిలాక ఏమవుతుందో చెప్పేవే. గుండు తగలడానికి ముందు ఏం జరుగుతుందో చెప్పే అంకె వాటిలో ఒక్కటీ లేదు. సముద్రంలో యుద్ధం ముక్కాలు భాగం తగలడానికి ముందే జరుగుతుంది. శత్రువును ఎవరు ముందు చూశారు, దూరం ఎవరు సరిగా కొలిచారు, ఓడ మలుపు తిరుగుతున్నా ఎవరి గురి చెదరలేదు, ఏ దూరంలో పోరాడాలన్నది ఎవరి చేతిలో ఉంది? ఈ నాలుగింటికీ జవాబు అయోవాయే. అది గంటకు 61 కిలోమీటర్లు పోతుంది, యమాటో 50. అయోవాకు ఫిరంగుల గురి కోసమే చేసిన రాడార్ ఉంది. యమాటోకు ఉన్నవి ప్రధానంగా దుర్భిణులు.

యమాటో వాది: దుర్భిణులని తేలిగ్గా తీసేయకండి. యమాటో మీద దూరం కొలిచే సాధనం పొడవు 15 మీటర్లు. అంతటిది మరే తరగతి యుద్ధనౌక మీదా లేదు. తేటగా ఉన్న పగటిపూట దాని కొలత నమ్మదగ్గదే. పైగా యమాటో ఫిరంగి 42 కిలోమీటర్లు కొడుతుంది, అయోవా ఫిరంగి 39 లోపే. మీ గుండు అందని చోట నుంచి మా గుండు వచ్చి పడుతుంది.

అయోవా వాది: అది కాగితం మీది దూరం. 42 కిలోమీటర్లు పోవడానికి గుండుకు నిమిషంన్నరకు పైగా పడుతుంది. ఆ లోపల గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఓడ దాదాపు కిలోమీటరున్నర జరుగుతుంది. దాని కెప్టెన్ చుక్కాని కాస్త తిప్పితే చాలు, మీ లెక్క తప్పుతుంది. నిజంగా జరిగిన యుద్ధాల్లో, కదిలే ఓడను కదిలే ఓడ కొట్టిన అత్యధిక దూరం 24 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. 1940 జూన్‌లో జర్మన్ షార్న్‌హోర్స్ట్ బ్రిటిష్ గ్లోరియస్‌ను కొట్టింది, జులైలో బ్రిటిష్ వార్‌స్పైట్ ఇటలీ ఓడ జూలియో చేజరేను కొట్టింది. రెండూ ఆ దూరంలోనే. కాబట్టి 42కూ 39కీ తేడాను పక్కన పెట్టేద్దాం.

యమాటో వాది: పెట్టేద్దాం, ఒప్పుకుంటాను. అయితే పోరు 20, 25 కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది. అది నాకు అనుకూలం. తమ 46 సెంటీమీటర్ల గుండు 20 నుంచి 30 కిలోమీటర్ల మధ్య నుంచి వచ్చినా ఆపగలగాలన్న లెక్కతోనే జపాను ఇంజనీర్లు 410 మిల్లీమీటర్ల కవచం పెట్టారు. అదే గుండు అదే దూరం నుంచి మీ 307 మిల్లీమీటర్ల కవచానికి తగిలితే ఏమవుతుంది? కవచాల వాలు రెండు ఓడల్లోనూ దాదాపు ఒకటే. మీరు ఒకటి రెండు దెబ్బలు తింటే మందుగుండు గదికో, ఇంజన్ గదికో ముప్పు. మేము అన్నే తింటే పై కట్టడాలు పోతాయి, ఓడ నిలుస్తుంది.

అయోవా వాది: మా కవచం పలచన అన్నది నిజం. ఇంకో మాట కూడా నేనే చెబుతాను. ఆ కవచం తన సొంత గుండును కూడా పూర్తిగా ఆపలేదు. దాన్ని పాత, తేలిక 40.6 సెంటీమీటర్ల గుండు లెక్కన గీశారు. 1,225 కిలోల గుండు ఆ తర్వాత వచ్చింది. కానీ అదే గుండు మీ ఓడ మీదా పడుతుంది కదా. దూరం నుంచి ఏటవాలుగా దిగి డెక్‌ను చీల్చడంలో అది మీ 46 సెంటీమీటర్ల గుండుకు దాదాపు సమానం. మీ టరెట్ ముఖం సంగతికొస్తే, యమాటో తరగతి మూడో ఓడ షినానో కోసం చేసిన టరెట్ పలక ఒకటి యుద్ధం తర్వాత అమెరికన్లకు దొరికింది. 1946లో అమెరికా నౌకాదళ పరీక్షా కేంద్రం డాల్‌గ్రెన్‌లో దాన్ని 40.6 సెంటీమీటర్ల ఫిరంగితో కొట్టారు. గుండు ఆ పలకను చీల్చుకుని అవతలికి పోయింది. ఆ పలక ఇప్పుడు వాషింగ్టన్ నేవీ యార్డ్‌లో ఉంది. వెళ్లి చూడవచ్చు.

యమాటో వాది: చూసినవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఆ పరీక్షలో పలకకు ఎదురుగా, చాలా దగ్గర నుంచి, గుండు వేగం ఏమాత్రం తగ్గకముందే కొట్టారు. యుద్ధంలో గుండు 20 కిలోమీటర్లు పోయి, వేగం బాగా తగ్గి, వంకరగా వచ్చి, వాలుగా ఉన్న పలకకు తగులుతుంది. ఆ పరీక్ష ఉక్కుకు పెట్టింది, ఓడకు పెట్టింది కాదు. డాల్‌గ్రెన్ ఫలితాన్ని పట్టుకుని యమాటో టరెట్‌కు యుద్ధంలో రంధ్రం పడేదని ఎవరూ తేల్చలేరు.

అయోవా వాది: ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా టరెట్ పగలకపోతే ఓడ పోరాడుతూనే ఉంటుందని మీరెలా అనుకుంటారు? గురి చూసే కేంద్రం ఓడ నడిమి కట్టడం నెత్తిన, కవచం బయట ఉంటుంది. దూరం కొలిచే మీ 15 మీటర్ల సాధనం ఉన్నదీ అక్కడే. ఆ కట్టడానికి రెండు గుండ్లు తగిలితే తొమ్మిది ఫిరంగులూ బాగానే ఉన్నా ఎటు పేల్చాలో చెప్పేవాడు ఉండడు. జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌కు 1941 మే 27న జరిగింది అదే. కవచం చాలా మటుకు నిలిచింది, కానీ గురి యంత్రాంగం తొలి అరగంటలోనే పోయింది. ఆ తర్వాత ఆ ఓడ దెబ్బలు తినడమే తప్ప కొట్టడం లేదు.

యమాటో వాది: మరి మీ రాడార్ యాంటెన్నా కవచం లోపల ఉంటుందా? అదీ ఆ నెత్తినే ఉంటుంది. 1942 నవంబర్ 14 రాత్రి గ్వాడల్‌కనాల్ దగ్గర సౌత్ డకోటాకు ఏమైందో గుర్తు చేసుకోండి. సరిగ్గా పోరు మొదలయ్యే వేళకు ఓడలో కరెంటు పోయింది. అమెరికా నౌకాదళం గర్వంగా చెప్పుకునే కొత్త ఓడ చీకట్లో గుడ్డిదై, ఇరవైకి పైగా గుండ్లు తింది. కరెంటు మీద అంతగా ఆధారపడే ఓడకు ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అయోవా వాది: సౌత్ డకోటా విషయంలో నాకు వాదన లేదు. కానీ ఆ రాత్రి కథ సగంలో ఆపేశారు. సౌత్ డకోటాతో పాటు మరో అమెరికా యుద్ధనౌక వాషింగ్టన్ ఉంది. దాని మీద ఉన్న అడ్మిరల్ లీకి రాడార్ గురించి తన అధికారుల్లో చాలామంది కన్నా ఎక్కువ తెలుసు. జపాను వాళ్లు సౌత్ డకోటా మీద సెర్చ్‌లైట్లు వేసి కొడుతుంటే, వాషింగ్టన్ చీకట్లో దగ్గరికి వచ్చింది. సుమారు 7.7 కిలోమీటర్ల నుంచి జపాను ఓడ కిరిషిమా మీద కాల్పులు మొదలుపెట్టి కొద్ది నిమిషాల్లోనే దాని పని పూర్తి చేసింది. తాము చూడలేని శత్రువు తమను చూస్తుంటే ఎంత కవచం ఉంటే ఏం లాభం?

యమాటో వాది: కిరిషిమా 1915లో నౌకాదళంలో చేరిన బాటిల్ క్రూయిజర్. దాని పక్క కవచం 203 మిల్లీమీటర్లు, అంటే యమాటో కవచంలో సగం. ఏడెనిమిది కిలోమీటర్లు యుద్ధనౌకల పోరులో ముఖాముఖి కిందే లెక్క. ఆ దూరంలో యమాటో గుండ్లు కూడా తగులుతాయి, మీ కవచాన్ని చీలుస్తాయి. అయితే వాషింగ్టన్ కనబడకుండా అంత దగ్గరకు రాగలిగిందన్న మాట మాత్రం నన్ను ఇబ్బంది పెడుతుంది. దాన్ని కాదనను.

అయోవా వాది: ఇబ్బంది పెట్టేది ఇంకోటి ఉంది. 1944 అక్టోబర్ 25 తెల్లవారకముందు, ఫిలిప్పీన్స్‌లో సురిగావ్ జలసంధి. పెర్ల్ హార్బర్‌లో మునిగిపోతే పైకి తీసి బాగు చేసిన పాత ఓడ వెస్ట్ వర్జీనియా. దాని మీద కొత్త గురి రాడార్ ఉంది. సుమారు 21 కిలోమీటర్ల నుంచి, చీకట్లో, జపాను యుద్ధనౌక యమషిరో మీద మొదటి విడతలోనే దెబ్బ తగిలించింది. మొత్తం 93 గుండ్లు పేల్చింది. అదే వరసలో ఉన్న పెన్సిల్వేనియాకు పాత రాడార్. దానికి లక్ష్యం దొరకనే లేదు, ఒక్క గుండూ పేల్చలేదు. ఒకే వరసలో, ఒకే చీకట్లో, ఒకే శత్రువు ఎదుట ఉన్న ఓడల మధ్య తేడా తెచ్చింది రాడార్ తరం. అయోవా మీద ఉన్నది కొత్త తరం.

యమాటో వాది: సురిగావ్‌ను పరీక్షగా తీసుకోకండి. ఇరుకు జలసంధిలో నేరుగా ముందుకు వస్తున్న ఓడ అది. అప్పటికే డిస్ట్రాయర్ల టార్పెడోలు తిని ఉంది. ఎదురుగా అడ్డగీత గీసినట్టు ఆరు యుద్ధనౌకలు, రెండు పక్కలా క్రూయిజర్లు. తప్పించుకోవడానికి చోటు లేని లక్ష్యాన్ని కొట్టడం వేరు. విశాల సముద్రంలో మలుపులు తిరుగుతూ, తిరిగి కాలుస్తూ ఉండే 72,000 టన్నుల ఓడను కొట్టడం వేరు. యమాటో సత్తా చూడాలంటే అదే ఉదయం సమార్ దీవి దగ్గరకు రండి. 30 కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి దాని తొలి విడతలు అమెరికా చిన్న విమానవాహక నౌక వైట్ ప్లెయిన్స్ చుట్టూ పడ్డాయి. నేరుగా తగలకుండానే, పక్కన పేలిన గుండు ఆ ఓడను కుదిపేసింది. దుర్భిణులతో గురి కుదరదన్నవాళ్లు ఆ గుండ్లు పడిన చోటు చూడాలి.

అయోవా వాది: తొలి విడతలు బాగానే పడ్డాయి. మరి ఆ తర్వాత? వాన జల్లులు, డిస్ట్రాయర్లు వదిలిన పొగ. మీ 15 మీటర్ల సాధనానికి ఏమీ కనబడలేదు. కొద్ది సేపటికి టార్పెడోలను తప్పించుకోవడానికి యమాటో వెనుదిరిగి, వాటి మధ్య ఇరుక్కుని, పోరుకు దూరంగా పోయింది. నాలుగు యుద్ధనౌకలు, పెద్ద క్రూయిజర్లు ఉన్న దళం రెండు గంటలకు పైగా వేటాడి చివరికి ముంచింది ఒక చిన్న విమానవాహక నౌకను, మూడు చిన్న పోరు ఓడలను. యమాటో తన ప్రధాన ఫిరంగులను శత్రు నౌకల మీద పేల్చింది ఆ ఒక్కరోజే. అంతకు మించి చూపించడానికి మీ దగ్గర ఏమీ లేదు.

యమాటో వాది: సమార్ గుండ్ల కథలో ఒక న్యాయం పాటించండి. అవి మందపాటి కవచాన్ని చీల్చడానికి చేసినవి. పలచని రేకు ఓడల్లో ఒక పక్క దూరి, పేలకుండానే ఇంకో పక్క పోయాయి. అయోవా రేకు ఓడ కాదు, కవచం ఉంది కాబట్టి అందులో పేలేవి. ఇక ఆ గుండుకు ఇంకో గుణం ఉంది. లక్ష్యానికి కాస్త ముందు నీళ్లలో పడితే మునిగిపోకుండా నీటి కింద ముందుకు సాగి, కవచం అంచు కింద నుంచి ఓడలో దూరేలా దాని ముక్కు మలిచారు. 1942 అక్టోబర్‌లో అమెరికా క్రూయిజర్ బోయిసీకి అదే జరిగింది. అదే రకం చిన్న గుండు నీటి కింద నుంచి దూరి మందుగుండు గదికి నిప్పు పెట్టింది. ఓడ బతికిందంటే ఆ రంధ్రం గుండా వచ్చిన సముద్రపు నీళ్లు ఆ నిప్పును ఆర్పినందుకే. తగలకుండా పోయిందనుకున్న గుండు కూడా ప్రమాదమే.

అయోవా వాది: బోయిసీ మంచి ఉదాహరణ, కొట్టిపారేయను. కానీ ఆ గుణం కోసం ఆ గుండు పేలే సమయాన్ని బాగా ఆలస్యం చేశారు. సమార్‌లో పేలకుండా అవతలికి పోవడానికి కారణం అదే. అరుదుగా దొరికే నీటి దెబ్బ కోసం, తరచుగా దొరికే దెబ్బల ఫలితాన్ని తగ్గించుకున్నారు. నీటి కింద మీ ఓడ గట్టిదనం కూడా చూద్దాం. 1943 డిసెంబర్ 25న అమెరికా జలాంతర్గామి స్కేట్ వేసిన టార్పెడో యమాటోకు తగిలింది. పై కవచానికీ, కింది కవచానికీ మధ్య అతుకు విడిపోయింది. వేల టన్నుల నీళ్లు లోపలికి వచ్చాయి. ప్రపంచంలోకెల్లా మందమైన కవచానికి అతుకు దగ్గరే బలం లేదు.

యమాటో వాది: అతుకు లోపం నిజమే. ఆ లోపంతోనే దాని తోబుట్టువు ముసాషి 1944 అక్టోబర్ 24న ఎన్ని దెబ్బలు తింది? సుమారు 19 టార్పెడోలు, 17 బాంబులు. అవి తిన్నాక కూడా గంటల తరబడి తేలింది. మీ అయోవా తరగతి నాలుగు ఓడల్లో ఒక్కదానికైనా పెద్ద ఫిరంగి గుండు తగిలిందా? టార్పెడో తగిలిందా? లేదు. మా ఓడలోని లోపాలు మీకు తెలుసు, ఎందుకంటే అది దెబ్బలు తింది. మీ ఓడలో ఉన్న లోపాలు ఎవరికీ తెలియవు. దెబ్బ తినకపోవడాన్ని బలం కింద జమకట్టడం కుదరదు.

అయోవా వాది: నా పక్షానికి ఇది గట్టి దెబ్బ. తప్పించుకోను. అయితే ఆ ఓడలు దెబ్బ తినకపోవడానికి కారణం వేగం కూడా. గంటకు పదకొండు కిలోమీటర్ల వేగం ఎక్కువ ఉన్నవాడు ఎప్పుడు దగ్గరికి రావాలో, ఎప్పుడు వెళ్లిపోవాలో తానే నిర్ణయిస్తాడు. పగలు తేటగా ఉంటే మీ దుర్భిణి పరిధి బయట తిరుగుతాడు. మబ్బు కమ్మాకో, పొద్దు గుంకాకో వస్తాడు. 1944 ఫిబ్రవరిలో ట్రక్ దీవుల దగ్గర అయోవా, న్యూజెర్సీ పారిపోతున్న జపాను డిస్ట్రాయర్ నోవాకి మీద 32 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి గుండ్లు వేశాయి. అవి దానికి అటూ ఇటూ పడ్డాయి. అంత చిన్న లక్ష్యం చుట్టూ అంత దూరం నుంచి గుండ్లు వేయగలిగిన ఓడ 263 మీటర్ల పొడవున్న యమాటోను వదులుతుందా?

యమాటో వాది: అటూ ఇటూ పడ్డాయి, నోవాకి మీద పడలేదు. అది తప్పించుకుంది. వేగం మాట కూడా మీరనుకున్నంత సూటి కాదు. యుద్ధనౌకలు పందేనికి రావు, పని మీద వస్తాయి. సైన్యాన్ని దించుతున్న రవాణా ఓడల మీద పడడానికి యమాటో వస్తోందనుకోండి. అయోవా పని దాన్ని ఆపడం. కోట గుమ్మం ముందు కాపలా ఉన్నవాడికి పరుగు వస్తే ఏం, రాకపోతే ఏం? వాడు గుమ్మం వదిలి కదలకూడదు. చీకటి పడేదాకా ఆగుతానంటే ఆ లోపల రవాణా ఓడలు పోతాయి. వేగం లాభం పోరును వాయిదా వేయగలిగినవాడికే. ఆపాల్సినవాడికి కాదు.

అయోవా వాది: ఈ వాదం నేను ఇదివరకు ఇంత సూటిగా వినలేదు. పని ఏమిటన్నది ముందు చెప్పకుండా వేగాన్ని లెక్కలో వేయకూడదని ఒప్పుకుంటున్నాను. అయినా ఒకటి మిగులుతుంది. అయోవా మలుపు తిరుగుతున్నా, అలల మీద ఊగుతున్నా, దాని గురి యంత్రం లెక్క సరిచేసుకుంటూ టరెట్లను మోటార్లతో తనంతట తానే లక్ష్యం వైపు తిప్పుతుంది. యమాటోలో లెక్క వచ్చినా టరెట్ దగ్గరి మనిషి ముల్లు చూసి చేతితో సరిపెట్టాలి. గుమ్మం ముందు నిలబడి కూడా అయోవా పక్కకు జరుగుతూ కొట్టగలదు. యమాటో నిలకడగా సాగితేనే కొట్టగలదు. నిలకడగా సాగేదానికే గుండ్లు ఎక్కువ తగులుతాయి.

యమాటో వాది: నా పక్షంలో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే. దాచను. కానీ మీ కెప్టెన్‌కు ఒక సంగతి తెలియదు. జపాను వాళ్లు ఆ ఫిరంగులను దస్తావేజుల్లో 40 సెంటీమీటర్లవని రాసుకున్నారు. ఆ రహస్యం బాగానే దాగింది. యుద్ధం చాలా భాగం అమెరికన్లు అవి తమ ఫిరంగుల లాంటివే అనుకున్నారు. అయోవా కెప్టెన్ తన పుస్తకం చూసి, ఈ దూరంలో నాకు ప్రమాదం లేదనుకుని, సరిగ్గా ప్రమాదమున్న దూరంలో నిలబడతాడు. అతని గురి ఎంత బాగున్నా, ఎంచుకున్న చోటే తప్పు అవుతుంది.

అయోవా వాది: అది నాకు నచ్చని సంగతి, కానీ నిజం. ఇక అదృష్టం గురించి. 1941 మే 24 ఉదయం బ్రిటిష్ ఓడ హుడ్, బిస్మార్క్ ఎదురుపడ్డాయి. కాల్పులు మొదలైన పది నిమిషాల్లోపే హుడ్ పేలిపోయింది. 1,418 మందిలో ముగ్గురు మిగిలారు. ఆ రెండు ఓడల అంకెలు పక్కపక్కన పెడితే అంత త్వరగా అలా జరుగుతుందని ఎవరూ చెప్పలేరు. అదే పోరులో మరో బ్రిటిష్ ఓడ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వేసిన గుండు బిస్మార్క్ ఇంధనం పాడుచేసి, దాని ప్రయాణం ఎటో నిర్ణయించింది. ఒక గుండు ఎక్కడ పడిందన్నది మన వాదనలన్నిటి కన్నా పెద్దది కావచ్చు.

యమాటో వాది: అలాగైతే మన వాదనకు అర్థం లేదంటారా?

అయోవా వాది: ఉంది. ఈ రెండు ఓడలు రెండు పందేలు. 1922 వాషింగ్టన్ ఒప్పందం అమెరికా, బ్రిటన్, జపానులకు 5, 5, 3 చొప్పున యుద్ధనౌకల వాటా కట్టింది. 1936లో జపాను ఆ చట్రం నుంచి బయటికి వచ్చింది. లెక్కలో అమెరికాతో తూగలేనని దానికి తెలుసు. అందుకే ఒక్కో ఓడను ఎదురులేనిదిగా చేద్దామనుకుంది. పనామా కాలువ లాకుల వెడల్పు అప్పట్లో 33.5 మీటర్లు. ఆ ఇరుకులోంచి రావాల్సిన అమెరికా ఓడ అంత పెద్ద ఫిరంగులు మోయలేదని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పలేదు. అయోవా వెడల్పు 33 మీటర్లు, యమాటోది 39. ఆ కాలువలో పట్టడం కోసమే అయోవా సన్నగా, పొడవుగా అయింది. మిగిలిన బలాన్ని వేగంలో, రాడార్‌లో, లెక్క యంత్రాల్లో పెట్టారు.

యమాటో వాది: ఆ పందెం నిజంగా తేలే అవకాశం ఒకసారి వచ్చింది. 1944 అక్టోబర్‌లో జపాను అడ్మిరల్ కురిటా దళం యమాటోతో సహా ఫిలిప్పీన్స్‌లోని సాన్ బెర్నార్డినో జలసంధి దాటింది. ఆ గుమ్మం దగ్గర ఆరు వేగ యుద్ధనౌకలు ఉండాల్సింది. అమెరికా అడ్మిరల్ హాల్సీ వాటిని తీసుకుని ఉత్తరాన ఎర వేసిన జపాను అడ్మిరల్ ఓజావా వెంట పోయాడు. ఆ ఓజావా మనవాళ్లకు కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు వేసిన విమానాలు ఆయన దళంలోవే. సమార్ తర్వాత హాల్సీ అయోవా, న్యూజెర్సీలతో వెనక్కి పరుగెత్తాడు. ఆయన చేరేసరికి కురిటా దళం జలసంధిని తిరిగి దాటి వెళ్లిపోయి సుమారు మూడు గంటలైంది. వెనక మిగిలిన ఒక్క డిస్ట్రాయర్ అమెరికా చిన్న ఓడల చేతికి చిక్కి మునిగింది. అది నోవాకి. ట్రక్‌లో తప్పించుకున్న ఓడే.

అయోవా వాది: ఆ మూడు గంటలు ముందు చేరి ఉంటే, రాత్రి, చీకటి, మూడు రోజులుగా నిద్రలేని జపాను నావికులు. సమార్‌లో నాలుగు యుద్ధనౌకలు గుండ్లు ఖర్చు చేసి వస్తున్నాయి. ఆ రాత్రికి నా పందెం అయోవా మీదే. సందేహం లేదు.

యమాటో వాది: మీ రెండు ఓడలకు ఎదురుగా నా నాలుగు. యమాటో, నాగటో, కోంగో, హరూనా. అంత చీకట్లో రాడార్ తెర మీద ఏది యమాటో, ఏది హరూనా? మీరు అడిగేది యమాటో మీద అయోవా కాదు. రాడార్ మీద, రాత్రి మీద, అలసట మీద అయోవా. పగలు 22 కిలోమీటర్ల దగ్గర, ఆకాశం తేటగా ఉండి, మీ ఓడ కదలకూడని గుమ్మం ముందు ఉంటే, నా పందెం యమాటో మీద.

అయోవా వాది: అంటే మన తేడా ఓడల మీద కాదు, ఏ రోజు, ఏ గడియ అన్న దాని మీద. కానీ నా మాట ఒకటి ఉండనివ్వండి. పసిఫిక్‌లో మబ్బు, వాన, రాత్రి అరుదైనవి కావు. మీకు కావలసిన తేటపగలు దొరికే రోజుల కన్నా నాకు కావలసిన రోజులే ఎక్కువ.

యమాటో వాది: నాది కూడా ఉండనివ్వండి. యుద్ధనౌకలను కట్టింది ఎక్కువ రోజుల కోసం కాదు, ఒక్క రోజు కోసం. ఆ ఒక్క రోజు పగలు కావచ్చు.

అయోవా వాది: చివరికి ఆ రోజు పగలే వచ్చింది. 1945 ఏప్రిల్ 7 మధ్యాహ్నం, తూర్పు చైనా సముద్రం. యమాటోను ఎదుర్కోవడానికి ముందు పాత యుద్ధనౌకలను పంపాలనుకున్నారు. ఆ లోపే విమానవాహక నౌకల నుంచి వందలాది విమానాలు లేచాయి. రెండు గంటల్లోపే ఓడ పోయింది. సుమారు 3,000 మంది చనిపోయారు. ఒక్క యుద్ధనౌక కూడా దాని మీద గుండు పేల్చలేదు.

యమాటో వాది: మన వాదన ఓడల గురించే కానీ, ఆ ఓడల్లో మనుషులున్నారన్నది మరిచిపోకూడదు. మీ నాలుగు ఓడలు ఈనాడు అమెరికాలో మ్యూజియంలు. నా రెండూ సముద్రం అడుగున ఉన్నాయి. అయినా ఒక్కటి అడుగుతాను, చదివేవాళ్లను కూడా. ఈ రెండింటిలో ఏది గెలిచేదని ఎవరైనా అడిగితే వెంటనే ఓడ పేరు చెప్పకండి. పగలా, రాత్రా, ఎంత దూరం, ఎవరి పని ఏమిటి అని ముందు ఎదురు ప్రశ్న వేయండి. ఆ మూడూ చెప్పాకే ఎవరి పక్షమైనా తీసుకోండి. నాది మాత్రం ఇంకా యమాటో పక్షమే.

అయోవా వాది: నాది అయోవా పక్షమే.